యాభై ఏళ్లకు ఆధారం ఏదని అడిగినవారికి: మా ఊరి సంత గురించి ఒక బహిరంగ లేఖ

చిత్తూరు, తిరుపతి జిల్లాల పురపాలక కమిషనర్లకు, పట్టణ విక్రయ కమిటీల సభ్యులకు నమస్కారములు.

నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. 1950లో పుట్టాను. ఇప్పుడు చిత్తూరులో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడికి గంటలోపు బస్సు ప్రయాణంలో ఉన్న ఒక చిన్న పట్టణంలో. అక్కడ వారానికొకసారి జరిగే సంతకు ఎదురుగా మా నాయనకు చిల్లర అంగడి ఉండేది. ఆ సంతను ఈ మధ్య ఊరి నడుమనుంచి ఎత్తివేసి, బైపాసు రోడ్డు పక్కనున్న ఒక మిట్ట మీదికి మార్చారు. ఖాళీ అయిన స్థలంలో అంగళ్ల సముదాయం వస్తుందని చెబుతున్నారు.

సంతలో అమ్ముకునే ఆడవాళ్లకు తోడుగా నేను మూడుసార్లు వినతిపత్రం రాసి ఇచ్చాను. మొదటిదాని నకలు మీద ముద్ర వేశారు. రెండవదానికి ఒక నంబరు ఇచ్చారు. మూడవది సోమవారం నాటి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే, సంబంధిత శాఖకు పంపామని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ తరువాత ఏమీ లేదు. నాలుగవసారి వెళ్లినప్పుడు ఒక అధికారి కుర్చీ వేసి కూర్చోబెట్టి, మర్యాదగానే మాట్లాడి, చివరకు ఒక ప్రశ్న వేశారు: “యాభై ఏళ్లుగా అక్కడే సంత జరుగుతోందనడానికి ఆధారం ఏముందమ్మా?” నిలువుకాళ్ల మీద జవాబు చెప్పలేక తిరిగి వచ్చాను. ఆ జవాబునే ఇప్పుడు అందరి ఎదుట రాస్తున్నాను.

ఊరి పేరు, కార్యాలయం పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఇది ఒక ఊరి తగవుగా, ఒక అధికారి మీది ఫిర్యాదుగా మిగిలిపోతుంది. మన రెండు జిల్లాలలో పట్టణం నడుమ సంత జరిగే ప్రతి చోటా రేపు ఇదే ప్రశ్న పుడుతుంది గనుక, మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఆ అధికారి యాభై ఏళ్లనే ఎందుకు అడిగారో చెప్పాలి. వీధి విక్రేతల జీవనోపాధి పరిరక్షణ, వీధి విక్రయాల నియంత్రణ చట్టం 2014లో వచ్చింది. అమ్మేవారూ కొనేవారూ అనాదిగా ఒకచోట చేరుతూ ఏర్పడిన బజారును ఆ చట్టం సహజ విపణి అంటుంది. అటువంటి సహజ విపణిలో వీధి విక్రేతలు యాభై ఏళ్లకు పైబడి వ్యాపారం చేసుకుంటూ ఉంటే, దానిని వారసత్వ విపణిగా ప్రకటించాలనీ, అక్కడివారిని తరలించకూడదనీ రెండవ షెడ్యూలులో ఉంది. కనుక మా సంత వయసు తేలితే ఈ తగవు తేలినట్టే. కానీ సంతకు పుట్టినరోజు కాగితం ఎవరు రాసి పెడతారు? అది నడిచిన తీరునుంచే దాని వయసు తీయాలి.

నాకు తెలిసిన తీరు ఇది.

సంత రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఎద్దులబండ్ల చప్పుడుతో మాకు మెలకువ వచ్చేది. మా అంగడి అరుగు మీద ఆ ఒక్క రోజు మాకే చోటు ఉండేది కాదు. తూర్పున చింతచెట్ల కింద ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఎండుమిరపకాయలు రాశులు పోసేవారు. దాని పక్కన బెల్లం, చింతపండు, శెనక్కాయలు ఉండేవి. పడమటివైపు మేదరవాళ్ల చేటలు, గంపలు, బుట్టలు. వాటి వెనక పలమనేరు దిక్కునుంచి వరిగడ్డిలో పొదిగి తెచ్చిన కుండలు, చట్లు, సంగటి వండే బానలు. కమ్మరి ఒక చిన్న కొలిమి పెట్టుకుని కొడవళ్లకు పదును పెడుతుంటే, అతని పక్కనే కళాయివాడు ఇత్తడి గిన్నెలకు తగరం పూసేవాడు. ఆ తగరం మెరుపు చూడడానికి మేము బడి ఎగ్గొట్టేవాళ్లం. తరువాత నేనే బడిపంతులమ్మనై, అదే తప్పు చేసిన పిల్లలను గోడకుర్చీ వేయించాను. యానాదులు అడవి తేనె, శీకాయ, నన్నారి వేర్లు తెచ్చేవారు. వానాకాలం చివర గుట్టలమీది సీతాఫలాలు గంపలకొద్దీ దిగేవి. చలికాలంలో అనపకాయలు రాగానే ఊరంతా పితికిపప్పు వాసనే. ఎండుచేపల గంపలను మాత్రం గాలివాటు చూసి, అన్నిటికీ దూరంగా, కాలువ పక్కన పెట్టించేవారు.

ఈ వరుసలను ఎవరూ గీత గీసి పంచలేదు. తల్లి కూర్చున్న చోట కూతురు, అత్త కూర్చున్న చోట కోడలు కూర్చుంటూ వచ్చారు. మొన్న తరలించేనాటికి తెల్లగడ్డలు అమ్ముతున్న అవ్వ, నా చిన్నతనంలో అదే చింతచెట్టు కింద తెల్లగడ్డలు అమ్మిన మనిషికి కోడలు. ఇది మొదటి ఆధారం.

రెండవ ఆధారం మా నాయన చిట్టాపుస్తకాలు. వాటిలో నాలుగు చెదలు పట్టకుండా నా దగ్గర ఉన్నాయి. వాటిలో సంత రోజు లెక్క ఎప్పుడూ వేరు పేజీలో, పైన “సంత” అన్న మాటతో ఉంటుంది. అన్నిటికన్నా పాతదానిలో ఒక పక్క అణాలు, మరొక పక్క నయాపైసలు రాసి ఉన్నాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలని సర్కారు మార్చిన తరువాతి రోజులవి. అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని అంగడి గోడకు పట్టిక అంటించి ఉండేది. మా జేజికి చదువు రాదు గానీ లెక్కలో గట్టిది. పావలా సరుకు ఒకేసారి కొంటే 25 నయాపైసలు ఇవ్వాలి. అదే నాలుగుసార్లు అణా అణాకు కొంటే 24తో పోతుంది. అందుకని ఆమె సంతలో ఒకే మనిషి దగ్గర నాలుగుసార్లు తిరిగి వచ్చి కొత్తిమీర కొనేది. అమ్మే ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసీ నవ్వుతూ ఇచ్చేది, పైన కొసరు కూడా వేసేది.

తూకాలదీ అదే కథ. 1958 అక్టోబరులో కిలోలు మొదలైనా, ఆ తరువాత చాలాకాలం మా సంతలో ధాన్యం పడితోనే కొలిచారు, బెల్లం వీశెల్లోనే తూచారు. అంగడిలో కిలోరాళ్లు, సంతలో పడి, ఇంట్లో సోల, గిద్ద. ఈ మూడింటి మధ్య లెక్క కుదర్చడం నా పని. నేను తరగతిలో దశాంశాలు తేలికగా చెప్పగలిగానంటే ఆ సంత పుణ్యమే.

మూడవది, సంతకు వచ్చే మనుషుల భాష. మా ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మన జిల్లానుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న ఉన్న చిత్తూరు జిల్లా కూడా చీలి తిరుపతి, అన్నమయ్య జిల్లాలు వేరయ్యాయి. ఇన్ని హద్దులు మారినా అరవంలో బేరం చేసే తమలపాకులవాళ్లు, గాజులవాళ్లు మా సంతకు రావడం మానలేదు. ఇటువైపు కన్నడం మాట్లాడే పశువుల బేరగాళ్లు వచ్చేవారు. సర్కారు ఒక తాలూకానే రాష్ట్రం దాటించింది గానీ, మా సంత జరిగే వారాన్ని, స్థలాన్ని ఏ సర్కారూ కదపలేదు. కదిపింది ఇప్పుడే.

నాలుగవ ఆధారం మీ దగ్గరే ఉండాలి. మా ఊరు పంచాయతీగా ఉన్న రోజులనుంచే సంత ఆశీలు (అమ్మేవారినుంచి తీసుకునే సుంకం) వసూలుకు ఏటా వేలంపాట జరిగేది. పాట ఎవరికి పోయిందన్నది ఊళ్లో పెద్ద కబురు. పాట పాడినవాడు ఆ రోజు మా అంగడిలో పిల్లలందరికీ బొరుగులు, బెల్లం ఇప్పించేవాడు. పాట సొమ్ము కట్టించుకున్నవారు లెక్క రాయకుండా ఉండరు. ఆ రిజిస్టర్లు మీ రికార్డు గదిలో ఏ బీరువా మీదనో ఉంటాయి. ఏటేటా సంత మీద సొమ్ము తీసుకున్న కార్యాలయమే, ఆ సంత ఉందనడానికి ఆధారం తెమ్మని కూరగాయలమ్మే ముసలమ్మను అడగడం నాకు విడ్డూరంగా తోచింది.

ఇక్కడ ఇంకొక సంగతి రాయాలి. అది చట్టానికి పనికివచ్చే ఆధారం కాదేమో గానీ, సంతంటే మాకు ఏమిటో దానితోనే తెలుస్తుంది.

మా అక్కను మూడు కోసుల దూరంలోని పల్లెకు ఇచ్చారు. ఆ కాలంలో కోడలు పుట్టింటికి వెళ్లాలంటే పండుగో, పురుడో, చావో రావాలి. కానీ సంతకు వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందంటే చాలు. సంత రోజు పదిగంటలవేళకు మా అక్క గంప నెత్తిన పెట్టుకుని కుండల వరుస దగ్గరికి వచ్చేది. మా అమ్మ అంగడి పని నాకు అప్పగించి అక్కడికి వెళ్లేది. ఇద్దరూ కుండలు బేరం చేస్తున్నట్టు, వేలి గణుపుతో కొట్టి చూస్తున్నట్టు నిలబడి అరగంట మాట్లాడుకునేవారు. ఏడ్వవలసిన మాటలైతే ఇద్దరూ ఎండుమిరపకాయల వైపు నడిచేవారు. అక్కడ కళ్లు తుడుచుకుంటే ఎవరూ ఎందుకని అడగరు. కుండలమ్మే పెద్దాయనకు ఇదంతా తెలుసు. కొనకుండా అరగంట కుండలు కొట్టి చూసినా ఒక్కనాడూ విసుక్కోలేదు. ఏడాదికొకసారి మా అమ్మ అక్కరలేకపోయినా అతని దగ్గర ఒక పెద్ద బాన కొనేది. అవి మా పెరట్లో వరుసగా బోర్లించి ఉండేవి.

ఇటువంటి తల్లులు, కూతుళ్లు సంత నిండా ఉండేవారు. పెళ్లి సంబంధాలు అక్కడే కదిలేవి. పొలం గట్టు తగవులు అక్కడే నలుగురిలో పడేవి. పల్లెకు ఉత్తరం వస్తే, చదివి చెప్పమని సంతకు తెచ్చేవారు. నేను ఆరవ తరగతినుంచే అలా ఎన్నో ఉత్తరాలు చదివాను, కొన్ని చావుకబుర్లు ఎలా చదవాలో తెలియక సగంలో ఆగాను.

ఇప్పుడు తరలింపు వల్ల జరిగినదానికి వస్తాను. పరిహారం లెక్కగట్టే ఉద్దేశంతో కాదు. కాగితం మీద “స్థల మార్పు” అని ఒక్క మాటగా కనిపించేది, మనుషుల మీద ఎలా పడిందో మీకు తెలియాలని రాస్తున్నాను.

1. తలమీద గంపతో వచ్చే ఆడవాళ్లు. వీరు బస్సు దిగి నూరు అడుగుల్లో సంతలో ఉండేవారు. కొత్త స్థలం దగ్గర బస్సు ఆగదు. ఊళ్లో దిగి మళ్లీ ఆటో మాట్లాడుకోవాలి. గంప ఉంటే ఆటోవాళ్లు మనిషికీ గంపకూ కలిపి అడుగుతారు. ఆకుకూరల గంప మొత్తం అమ్మితే మిగిలేదానిలో పెద్ద వంతు రానూ పోనూ ఆటోకే అవుతుంటే, ఇద్దరు ముగ్గురు అవ్వలు రావడమే మానుకున్నారు. వారు ఇంట్లో కూర్చుని ఏమి తింటున్నారని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

2. చిన్న రైతులు. ఒక కయ్యలో బెండ, ఒక కయ్యలో వంగ వేసుకునేవారు పెద్ద మండీకి పోలేరు. రెండు గంపల సరుకుకు మండీలో కమీషను, కూలీ, తరుగు పోతే చేతికి చిల్లర కూడా రాదు. వీరికి సంతే దిక్కు. సంత చిక్కిపోతే వీరు దారిలో కాచుకున్న మారుబేరగాడికి అడిగినంతకు ఇచ్చి వస్తున్నారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత పాతదే గానీ, సొంత గంప, సొంత త్రాసు ఉన్న సంతలో దానికి కొంత విరుగుడు ఉండేది.

3. అప్పు. ఇది బయటివారికి కనిపించదు. సంతలో సగం బేరం నోటిమాట మీదే. ఈ వారం సరుకు, వచ్చే వారం డబ్బు. కూలివాళ్లకైతే శెనక్కాయల పంట వచ్చేదాకా ఆగేవారు. మా నాయన పుస్తకంలో “కాలువగట్టు ఎర్రచీర అమ్మి, 2 రూపాయలు” అని రాసిన బాకీలు ఉన్నాయి. పేరు కూడా తెలియని మనిషికి ఇచ్చిన అప్పులవి. పక్కన తీరినట్టు కొట్టివేతలూ ఉన్నాయి. అదే మనిషి అదే చోట ప్రతి వారం కనబడుతుందన్న నమ్మకమే ఆ అప్పుకు తాకట్టు. చోటు మారి, వచ్చేవారు చెదిరిపోయాక ఆ నమ్మకం పోయింది. రావలసిన బాకీలు రాలేదు, కొత్తగా అప్పు ఇచ్చేవారు లేరు. ఇప్పుడు ఆ ఆడవాళ్లు సరుకు పెట్టుబడికి రోజువడ్డీవాళ్ల దగ్గరికి వెళుతున్నారు. 2020లో వీధి వ్యాపారులకు పదివేల రూపాయల రుణం ఇచ్చే కేంద్ర పథకం వచ్చింది కదా అంటారు. నిజమే, మంచి పథకం. కానీ దానికి విక్రేతగా గుర్తింపు కావాలి, గుర్తింపుకు సర్వే కావాలి. ఆ సర్వే సంగతి కింద రాస్తాను.

4. కొనేవారు. ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు చేతికర్రతో సంతకు నడిచి వచ్చి, పావు కిలో వంకాయలు ఏరుకుని, నలుగురితో మాట్లాడి వెళ్లేవారు. ఇప్పుడు వారు తోపుడుబండి వస్తే కొంటారు, రాకపోతే లేదు.

5. చుట్టుపక్కల అంగళ్లు. సంతను తీసివేస్తే తమకు బేరం పెరుగుతుందని కొందరు అంగడివాళ్లు తరలింపును సమర్థించారు. ఇప్పుడు వారే ఈగలు తోలుకుంటున్నారు. సంతకు వచ్చినవాడే పోతూ పోతూ గుడ్డల అంగడిలోకి, మందుల అంగడిలోకి తొంగిచూసేవాడు. నేను అంగడివాని కూతురిని. సంత రోజు మా గల్లాపెట్టె మిగతా వారమంతటికన్నా బరువుగా ఉండేదని నాకు తెలుసు.

న్యాయంగా మీ మాట కూడా చెప్పాలి. సంత రోజు రోడ్డు మీద బండ్లు కదలవు. అంబులెన్సు ఇరుక్కోవడం నేనే చూశాను. సాయంత్రానికి కుళ్లిన ఆకులు, పశువుల పేడ, కాగితాలు మిగిలిపోయి మరునాడు మధ్యాహ్నందాకా వాసన కొడుతుంది. అమ్మేవారిలో కొందరు గీత దాటి రోడ్డు మీదికి వస్తారు. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ రోడ్డు ఇరుకైనది సంత వల్ల మాత్రమే కాదు. సంత స్థలం అంచులు ఏటా కొంచెం కొంచెంగా పక్కా కట్టడాల కిందికి పోయి, లోపల కూర్చోవలసినవారు బయటికి వచ్చారు. ఆ కట్టడాల జోలికి ఎవరూ పోలేదు. చెత్తకు మందు చెత్తబండి. ఇరుకుకు మందు వేళలు పెట్టడం, బండ్లు నిలపడానికి వేరే చోటు చూపడం. చిత్తూరులో నడివీధి గంగమ్మ జాతర వస్తే బజారువీధి మొత్తం మనుషులతో నిండిపోతుంది, ఆ రెండు రోజులు బండ్లను వేరే దారిన పంపుతారు. ఆ గంగమ్మను బైపాసు పక్కకు మార్చమని ఇంతవరకు ఎవరూ అనలేదు. అమ్మవారికి చేయగలిగిన ఏర్పాటులో పదోవంతు వారానికొక పూట సంతకు చేయలేమా?

సర్వే గురించి. తరలించడానికి కొన్ని నెలల ముందు ఇద్దరు కుర్రవాళ్లు పలకవంటి ఫోన్లతో వచ్చి పేర్లు రాసుకున్నారు. ఎర్రగడ్డల వరుస సగం అయ్యేసరికి ఎండ ఎక్కింది. మిగతావారి పేర్లు తరువాత రాస్తామని వెళ్లారు, మళ్లీ రాలేదు. వరుసగా కూర్చోబెట్టి ఒక్కొక్క తలమీద ఒక్కొక్క గాటు పెట్టి, ఎవరూ లేచిపోకుండా చేసి, ఎవరికీ పూర్తి చేయని పనిని మనవైపు తిరుపతి క్షవరం అంటారు. మా సంతకు జరిగింది అదే. చట్టంలోని 3వ సెక్షను ప్రకారం సర్వే ముగిసి, విక్రేతలందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు, తరలించకూడదు. తరలించవలసి వచ్చినా ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. మా వారికి అందినది ముందురోజు సాయంత్రం మైకులో ఒక ప్రకటన. ఆ మరునాడు తెలియక వచ్చి కూర్చున్న ఒకామె టమాటా గంపలను ఎత్తుకుపోయారు. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ఇవ్వాలనీ, పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగి ఇవ్వాలనీ 19వ సెక్షను చెబుతోంది. ఆమెకు గంపలు మూడు రోజులకు దొరికాయి. టమాటాలు ఎలా ఉండి ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు.

పట్టణ విక్రయ కమిటీ సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. చట్టం మీ కమిటీలో కనీసం నలభై శాతం స్థానాలు విక్రేతలకే ఇచ్చింది, అందులో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలంది. కుర్చీలో కూర్చున్న విక్రేతలు తీర్మానాల మీద సంతకం మాత్రమే పెట్టి రావద్దు. ఏ కాగితం మీద పెడుతున్నారో చదివించుకుని పెట్టండి. చదివి చెప్పేవారు లేకపోతే నన్ను పిలవండి. ఆ పని నాకు చిన్నప్పటినుంచి అలవాటే.

మా విన్నపాలు ఇవి.

1. ఆగిపోయిన సర్వేను సంత జరిగే రోజునే, తెల్లవారినప్పటినుంచి సంత ముగిసేదాకా ఉండి పూర్తి చేయాలి. వారం మధ్యలో వచ్చి స్థలంలో ఎవరూ లేరని రాసుకుపోతే ఒప్పుకోము. తరలింపు తరువాత సంతకు రావడం మానుకున్నవారి పేర్లు కూడా పాత వరుసల ప్రకారం చేర్చాలి.

2. మా సంత స్థలాన్ని సహజ విపణిగా గుర్తించి, వారసత్వ విపణిగా ప్రకటించే తీర్మానం పెట్టాలి. వయసు నిరూపణకు మీ పాత వేలం రిజిస్టర్లను బయటకు తీయించాలి. పాత జిల్లా చీలినప్పుడు ఏ కాగితాలు ఎటు వెళ్లాయో చూసి, చిత్తూరులో ఉంటే చిత్తూరులోనే వెతికించాలి. తాము పుట్టి పెరిగిన సంత గురించి డెబ్బై ఏళ్లు దాటినవారు ఇచ్చే వాంగ్మూలాలను కూడా ఆధారంగా తీసుకోవాలి. మేము ఇంకా ఎంతోమందిమి లేము. ఈ పని వచ్చే ఏడాదికి పెట్టుకోకండి.

3. ఆ తీర్మానం తేలేదాకా పాత స్థలంలో పునాది తీయకూడదు. ఒకసారి గుంట తవ్వాక మిగిలేది కోర్టు ఖర్చు.

4. సంత తిరిగి వచ్చాక ఆశీలు రేటు బోర్డు పెద్ద అక్షరాలలో, తెలుగులోనూ అరవంలోనూ పెట్టించాలి. గంపకు ఎంత, బండికి ఎంత అన్నది దానిమీద ఉండాలి. రసీదు లేకుండా ఒక్క రూపాయి వసూలు చేసినా పాటదారును బాధ్యుణ్ణి చేయాలి. పాత కాలంలోనూ పాటదారులు ఎక్కువ గుంజేవారు. దానిని మంచి సంప్రదాయమని నేను చెప్పను.

5. ఆడవాళ్లకు మరుగుదొడ్లు, తాగునీరు, నీడ. తెల్లవారుజామున ఇల్లు వదిలి సాయంత్రం తిరిగి చేరేవారు రోజంతా నీళ్లు తాగకుండా ఎందుకు ఉంటారో ఇంతకన్నా విప్పి రాయలేను.

6. సంత రోజు సాయంత్రమే చెత్త ఎత్తించాలి. పెద్ద బండ్లను ఉదయం ఎనిమిదికి ముందే సరుకు దింపి వెళ్లిపోయేలా చూడాలి. రోడ్డు మీది గీత దాటినవారికి సంతవాళ్ల పెద్దలే మొదట చెప్పేలా మేము మాట ఇస్తున్నాము. వినకపోతే మీరు చట్టప్రకారం జరిమానా వేయండి.

7. టమాటాలు పోయిన ఆమెకు వాటి ధర ఇవ్వాలి. చిన్న మొత్తమే. అందుకే ముందుగా ఇవ్వవచ్చు.

ఈ లేఖ చేరిన ముప్పై రోజులలో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాము. చట్టంలోని 20వ సెక్షను విక్రేతల ఫిర్యాదులు వినడానికి న్యాయాధికారిగా పనిచేసినవారు అధ్యక్షులుగా ఒక కమిటీ ఉండాలని చెబుతోంది. జవాబు రాకపోతే అక్కడికి వెళతాము. అటువంటి కమిటీ మన పట్టణాలలో ఎక్కడెక్కడ పనిచేస్తోందో కూడా ఆ జవాబులోనే తెలియజేస్తే మాకు తిరుగుడు తప్పుతుంది.

మా నాయన చిట్టాపుస్తకాలు నాలుగూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుని రమ్మంటే మాత్రం ఇవ్వను. ఇంతవరకు తీసుకున్న రసీదులతో నాకు అనుభవం ఉంది. చూడదలచిన అధికారి వచ్చే సంత రోజు ఉదయం పది గంటలకు పాత స్థలంలో కుండల వరుస ఉన్న చోటికి రావాలి. అక్కడ ఇప్పుడు రేకుల కంచె ఉంది. నేను పుస్తకాలతో కంచె ఇవతల కూర్చుని ఉంటాను. తెల్లగడ్డల అవ్వ కూడా వస్తానంది.

ఇట్లు,
సంత ఎదురు అంగడివాళ్ల చిన్నమ్మాయి,
విశ్రాంత ఉపాధ్యాయురాలు, చిత్తూరు.